మందు ఆపేశారు: మావారి అల్జీమర్స్ చికిత్సలో రెండేళ్లు (నా అనుభవం)

ఈ ఫిబ్రవరిలో మావారికి నరంలోకి ఎక్కించే డోనానెమాబ్ అనే మందు ఆపేశారు. మెదడులో పేరుకున్న అమైలాయిడ్ అనే ప్రోటీన్ దాదాపు పోయిందని పెట్ స్కాన్‌లో తేలింది, ఇక ఎక్కించాల్సిన పని లేదన్నారు. ఈ మాట వినగానే తెలిసినవాళ్లంతా "అయితే నయమైపోయిందన్నమాట" అంటున్నారు. నయం కాలేదు. అమైలాయిడ్ పోయింది, మతిమరుపు ఉంది. ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది. మా తర్వాత ఈ దారిలో వచ్చేవాళ్లకు ముందే కొంత తెలిసి ఉంటుందని, జరిగింది జరిగినట్లు రాస్తున్నాను.

మేముండేది అమెరికాలో, న్యూజెర్సీలో. ఆయనకు 69 ఏళ్లు. కాకినాడలో ఇంజనీరింగ్ చదివి, కొన్నాళ్లు హైదరాబాదులో పనిచేసి, ఇక్కడికి వచ్చి ముప్పయ్యేళ్లకు పైగా వంతెనల పనిలో ఉండి రిటైరయ్యారు. ఇంటి లెక్కలన్నీ చేత్తో పుస్తకంలో రాసుకునే అలవాటు. 2023 డిసెంబరులో ఆ పుస్తకం నా చేతికి వచ్చింది. ఒకే పేజీలో ఒకే నెల కరెంటు బిల్లు మూడు చోట్ల ఉంది. అదే అంకె, అదే గుండ్రటి చేతిరాత, మూడుసార్లూ కింద ఒక గీత. పొరపాటున రాసినట్లు ఎక్కడా కొట్టివేత లేదు. చెప్పిందే చెప్పడం, అడిగిందే అడగడం అప్పటికే కొన్ని నెలలుగా చూస్తున్నాను. వయసు అనుకున్నాను. ఆ పేజీ చూశాక వయసు అని సరిపెట్టుకోలేకపోయాను.

2024 జనవరిలో మా కుటుంబ డాక్టరు దగ్గరికి వెళ్లాం. థైరాయిడ్, విటమిన్లు, షుగరు, అన్నీ పరీక్ష చేయించారు. బీ12 బాగా తక్కువగా ఉంది. మేం పూర్తి శాకాహారులం, ఇది మనవాళ్లలో చాలామందికి ఉండేదే. బీ12 లోపం వల్ల కూడా మతిమరుపు వస్తుందని డాక్టరు చెప్పగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇంజక్షన్లు మొదలుపెట్టారు. మూడు నెలల్లో ఆయనకు కాళ్ల తిమ్మిర్లు పోయాయి, నడక బాగుపడింది, ముఖంలో కళ వచ్చింది. మరపు మాత్రం ఉన్నచోటే ఉంది. ఏప్రిల్‌లో మళ్లీ రక్తం చూస్తే బీ12 నిండుగా ఉంది. ఆ కాగితం చూసి సంతోషించాల్సింది పోయి నేను కారులో కూర్చుని ఏడ్చాను. సులువుగా బయటపడే దారి అదొక్కటే, అది మూసుకుపోయింది.

న్యూరాలజిస్టు అపాయింట్‌మెంటుకు ఏప్రిల్‌లో ఫోను చేస్తే సెప్టెంబరు ఇచ్చారు. అయిదు నెలలు! ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఎవరైనా రద్దు చేసుకుంటే ఆ సమయం ఇచ్చే జాబితా ఒకటి ఉంటుంది. అందులో పేరు రాయించుకుని ఊరుకుంటే లాభం లేదు. ఉదయం వాళ్లు ఫోన్లు ఎత్తే వేళకు మనమే చేస్తూ ఉండాలి. అలా చేయగా ఆగస్టు మొదట్లో దొరికింది. ఈ లోపు జులై 2న డోనానెమాబ్‌కు ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. బజారులో దాని పేరు కిసున్లా. లెకెంబి అనే మరో మందు ఏడాది ముందే వచ్చింది, దాన్ని అప్పట్లో రెండు వారాలకొకసారి ఎక్కించేవారు. కొత్తది నెలకొకసారి. పైగా అమైలాయిడ్ పోయిందని స్కాన్‌లో తేలితే ఆపేయవచ్చు. మా అబ్బాయి సియాటిల్ నుంచి ఈ కబురు పంపినప్పుడు, జబ్బేమిటో ఇంకా ఎవరూ చెప్పకుండానే మేం మందు గురించి మాట్లాడుకుంటున్నాం. అదీ మా ఆత్రం.

న్యూరాలజిస్టు నెమ్మదిగా మాట్లాడే మనిషి. 30 మార్కుల జ్ఞాపకశక్తి పరీక్ష ఆవిడే పెట్టారు. నన్ను పక్కన కూర్చోనిచ్చారు గానీ సైగ చేయకూడదన్నారు. వంద నుంచి ఏడు చొప్పున తీసివేస్తూ రమ్మంటే ఆయన నోట్లోనే "తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది" అని తెలుగులో లెక్క కట్టుకుని, ఆ తర్వాత ఇంగ్లీషులో చెప్పారు. ఒక్కటీ తప్పలేదు. గడియారం గీయమంటే అంకెలు కొలిచినట్లు పెట్టారు, ముళ్ల దగ్గర ఆగిపోయారు. అంతకుముందు చెప్పిన అయిదు మాటలు గుర్తు తెచ్చుకోమన్నప్పుడు కాసేపు చూసి, "మీరు మాటలేవీ చెప్పలేదే" అన్నారు. మర్యాదగా, నమ్మకంగా అన్నారు. ఆ నమ్మకం చూసి నాకు గుండె జారిపోయింది. మొత్తం 23 వచ్చాయి.

ఏయే భాషలు వచ్చని డాక్టరు అడిగారు. తెలుగు, ఇంగ్లీషు, హైదరాబాదులో నేర్చిన ఉర్దూ అని చెప్పాను. హైదరాబాదు నిమ్స్‌లో మతిమరుపు జబ్బున్న 648 మందిపై డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం చేసిన అధ్యయనం 2013లో అచ్చయిందని, ఒకే భాష వచ్చినవాళ్లకంటే రెండు, అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని ఆవిడ చెప్పారు. మన ఊరి పరిశోధన ఇంత దూరంలో ఒక అమెరికన్ డాక్టరు నోట వినడం ఆ రోజు నాకు దక్కిన ఒకే ఒక సంతోషం. మూడు భాషలు ఆయనకు కొన్నేళ్లు సంపాదించి పెట్టాయేమో.

ఆ తర్వాత పరీక్షల మీద పరీక్షలు. సెప్టెంబరులో ఎమ్మారై. మెదడు కుంచించుకుపోవడం చూడటమే కాదు, చిన్న చిన్న రక్తపు చుక్కలు ఉన్నాయేమో కూడా అందులో లెక్కపెడతారు. అవి నాలుగు మించితే సాధారణంగా ఈ మందు ఇవ్వరు. మావారికి ఒకటి కనిపించింది. ఒక సైకాలజిస్టు మూడు గంటలపాటు విడిగా పరీక్షించారు. బయటికొచ్చేసరికి ఆయన అలసి, ఇంటికొచ్చేదాకా తెలుగు తప్ప మాట్లాడలేదు. రక్తపరీక్షలో అల్జీమర్స్ సూచనలు కనిపించినా మందు మొదలుపెట్టడానికి అది చాలదన్నారు. అప్పటికి ఎఫ్‌డీఏ ఆమోదించిన రక్తపరీక్ష ఏదీ లేదు, మొదటిది 2025 మేలో వచ్చింది. కాబట్టి వెన్నులోంచి నీరు తీయాలి, లేదా అమైలాయిడ్ పెట్ స్కాన్ చేయాలి. ఆయన వెన్నులో సూది వద్దన్నారు.

పెట్ స్కాన్ అక్టోబరు చివరిలో. చేతికి రేడియోధార్మిక మందు ఎక్కించి ముప్పావు గంట కూర్చోబెట్టారు, స్కాన్ మాత్రం పది నిమిషాలే. నీళ్లు బాగా తాగమన్నారు, ఆ సాయంత్రం పసిపిల్లలను ఒళ్లో పెట్టుకోవద్దన్నారు. మా అమ్మాయి డాలస్ నుంచి పాపను తీసుకుని వచ్చి ఉంది. తాతగారి దగ్గరికి ఎందుకు వెళ్లనివ్వడం లేదని ఆ పిల్ల ఒకటే గొడవ.

ఇక్కడ ఎవరూ ముందుగా చెప్పని ఒక విషయం ఉంది. ఫలితం డాక్టరు కంటే ముందు మన ఫోనుకే వచ్చేస్తుంది. ఈ దేశపు చట్టం ప్రకారం రిపోర్టు తయారవగానే రోగికి కనిపించాలి. రాత్రి తొమ్మిదింటికి భోజనాల బల్ల దగ్గర ఆయన ఫోను మోగింది. ఆయనే తెరిచి, కళ్లజోడు సర్దుకుని, పైనుంచి కిందికి ఒకసారి, మళ్లీ పైనుంచి ఒకసారి చదివారు. "పాజిటివ్ అంట" అని నాకిచ్చి, మజ్జిగన్నం తినడం పూర్తిచేశారు. డాక్టరుతో మాట్లాడటానికి ఇంకా తొమ్మిది రోజులుంది. ఆ తొమ్మిది రోజులూ ఇంట్లో ఎవరం సరిగా నిద్రపోలేదు. ఫలితం వచ్చినట్లు కబురందినా డాక్టరును కలిసేదాకా తెరవకుండా ఉండగలిగితే అదే మంచిది. లేదా ఫలితం వచ్చే వారంలోనే డాక్టరు సమయం ముందుగా తీసుకోండి.

నవంబరులో డాక్టరు మాతో ముప్పావు గంట కూర్చున్నారు. ఏదీ దాచలేదు. డోనానెమాబ్‌ను 1,736 మంది మీద 76 వారాలు పరీక్షించారు. జబ్బు మరీ ముదరనివాళ్లలో మందు తీసుకున్నవాళ్లు తీసుకోనివాళ్లకంటే దాదాపు 35 శాతం నెమ్మదిగా దిగజారారు. కాలంలో చెప్పాలంటే ఏడాదిన్నరలో నాలుగు నుంచి ఏడు నెలలు కలిసివచ్చినట్లు. జబ్బు నయం చేసే మందు కాదు ఇది, సగటున రెండు గుంపులవాళ్లూ దిగారు, మందు తీసుకున్నవాళ్లు నెమ్మదిగా దిగారు. మందు తీసుకున్నవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి ఎమ్మారైలో మెదడు వాపు కనిపించింది. చాలామందికి ఏమీ తెలియకుండానే తగ్గింది గానీ, ఈ మందు వల్లేనని భావించిన మరణాలు మూడు ఉన్నాయి. ఈ చివరి మాట చెప్పాక డాక్టరు కాసేపు ఆగారు, ఏమైనా అడుగుతామేమోనని.

మావారు అడిగారు: "నాకు పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?"

"అమైలాయిడ్ తగ్గిందో లేదో స్కాన్‌లో తెలుస్తుంది. మీరు నెమ్మదిగా దిగుతున్నారో లేదో తెలియదు. మందు తీసుకోని మీరు పక్కన ఉండరు కదా, పోల్చి చూడటానికి" అన్నారు ఆవిడ.

కారులో నేనేమీ మాట్లాడలేదు. ఆయనే అన్నారు, "వంతెనకు రంగు వేస్తాం. ఆ రంగు వల్ల ఎంత తుప్పు తప్పిందో ఎవరూ చూడలేరు. అలాగని వేయడం మానం." ఆ మాటతో మా ఇంట్లో నిర్ణయం అయిపోయింది. అది ఆయన నిర్ణయం, ఆయన తెలివిలో ఉండగా తీసుకున్నది. కుటుంబం అంతా కలిసి తేలుద్దామని పిల్లలు అన్నారు గానీ నేను ఒప్పుకోలేదు. ఈ జబ్బులో మనిషి నోటితో 'అవును', 'కాదు' అనగలిగే రోజులు ఎంతో విలువైనవి. ఆ మాట ఆయన్నే అననివ్వాలి.

మందు మొదలుపెట్టే ముందు ఒక జన్యుపరీక్ష చేయించమంటారు. ఏపీఓఈ-4 అనే రకం జన్యువు ఎన్ని ప్రతులున్నాయో చూస్తారు, వాపు ముప్పు దాన్నిబట్టి ఉంటుంది. ప్రయోగాల్లో అసలు లేనివాళ్లలో సుమారు 16 శాతానికి, ఒకటి ఉన్నవాళ్లలో 23 శాతానికి, రెండూ ఉన్నవాళ్లలో 41 శాతానికి వాపు వచ్చింది. మేం దీన్ని ఆయన పరీక్ష అనుకున్నాం. జన్యు సలహాదారుతో మాట్లాడాకే తెలిసింది, అది మా పిల్లల పరీక్ష కూడా అని. ఆయనకు ఒకటి ఉంటే ఇద్దరు పిల్లల్లో ప్రతి ఒక్కరికీ సగానికి సగం అవకాశం. ఇంకో మాట కూడా ఆవిడ చెప్పారు. 2008 నాటి చట్టం ప్రకారం జన్యువులు చూసి ఆరోగ్య బీమా నిరాకరించకూడదు, ఉద్యోగం తీసేయకూడదు. జీవిత బీమాకు, ముసలితనంలో సంరక్షణ కోసం తీసుకునే బీమాకు ఆ రక్షణ లేదు. పిల్లలెవరైనా పరీక్ష చేయించుకోదలిస్తే ముందు ఆ బీమాల సంగతి చూసుకోమన్నారు.

ఆ ఆదివారం వీడియోలో పిల్లలతో మాట్లాడాం. అబ్బాయి "నాకు చెప్పొద్దమ్మా, నాన్న ఫలితం కూడా చెప్పొద్దు" అన్నాడు. అమ్మాయి "నాకు తెలియాలి" అంది. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరు, ఇద్దరివీ న్యాయమైన మాటలే. చివరికి అడిగినవాళ్లకే చెప్పాలనుకున్నాం. ఆయనకు ఒక ప్రతి ఉంది. అమ్మాయి ముందు బీమా తీసుకుని, తర్వాత తన పరీక్ష చేయించుకుంది. ఏం వచ్చిందో నేను అడగలేదు, తనూ చెప్పలేదు. ఈ చికిత్సలో నాకు అన్నిటికంటే బరువుగా అనిపించింది సూదులూ కావు, స్కాన్లూ కావు, ఇదే.

మొదటి మందు 2025 జనవరి మధ్యలో ఎక్కించారు. అంతకుముందు మెడికేర్ (ఇక్కడ పెద్దవయసువాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) వాళ్ల రిజిస్ట్రీలో డాక్టరు ఆయన వివరాలు నమోదు చేయాలి, మందు ఎక్కించే కేంద్రంలో ఖాళీ దొరకాలి. వీటికి ఆరు వారాలు పోయాయి. ఎక్కించడం అరగంట. ఆ తర్వాత మరో అరగంట కూర్చోబెట్టి చూస్తారు. నరం దొరకడానికి ముందు రోజు నుంచే నీళ్లు తాగించాలి. గది చల్లగా ఉంటుంది, శాలువా తీసుకెళ్లండి. ప్రతిసారీ నర్సు మందు కలిపే ముందు, ఈ రోజు తారీఖు ఏమిటి, మనం ఏ ఊళ్లో ఉన్నాం అని అడుగుతుంది. తలనొప్పి ఉందా, చూపు మసకబారిందా అని కూడా. అయోమయం మొదలైతే పట్టుకోవడానికి ఆ ప్రశ్నలు. మావారు మాత్రం అది పరీక్ష అనుకునేవారు. లిఫ్టులో నన్ను మెల్లగా అడిగేవారు, "ఇవాళ ఎన్నో తారీఖు?" నేను చెప్పేదాన్ని. గది చేరేదాకా పెదవుల మీద జపించుకుంటూ వచ్చేవారు. తర్వాత ఈ సంగతి నేనే నర్సుతో చెప్పాను. ఆ రోజు నుంచి ఆమె అదే ప్రశ్నను వేరే రకంగా అడగడం మొదలుపెట్టింది.

మొదటి రోజే ఒక కార్డు ఇచ్చారు. 'నేను ఈ మందు తీసుకుంటున్నాను' అని దాని మీద ఉంటుంది. దీన్ని ఎప్పుడూ జేబులో ఉంచుకోవాలి. ఈ మందు వల్ల వచ్చే మెదడు వాపు చూడటానికి పక్షవాతంలా ఉండవచ్చు. తెలియని డాక్టరు పక్షవాతమనుకుని రక్తపు గడ్డ కరిగించే మందు ఇస్తే మెదడులో రక్తస్రావం జరిగి ప్రాణం మీదికి రావచ్చు. ఆయన పర్సులో ఒకటి, నా సంచీలో ఒకటి, ఫ్రిజ్ తలుపు మీద ఒకటి పెట్టాను.

ఖర్చు సంగతి. 2025లో మందు సీసా ధర 695 డాలర్ల 65 సెంట్లు. మేం మొదలుపెట్టినప్పటి క్రమంలో మొదటి మూడు విడతలకు రెండు సీసాల చొప్పున, ఆ తర్వాత నాలుగు చొప్పున. కంపెనీ ధర ప్రకారం ఏడాదికి సుమారు 32,000 డాలర్లు అయ్యేది. ఎక్కించినందుకు, స్కాన్లకు వేరే. మెడికేర్‌లో డాక్టర్ల ఖర్చు, ఇలా ఎక్కించే మందుల ఖర్చు చూసే పార్ట్ బీ ఇందులో 80 శాతం ఇస్తుంది, 2025లో మొదటి 257 డాలర్లు మనం పెట్టుకున్నాక. మిగిలిన 20 శాతం మాకు అనుబంధ బీమా భరించింది, కాబట్టి ఆ నెలవారీ ప్రీమియం తప్ప మందుకు మా చేతినుంచి పెద్దగా పడలేదు. అడ్వాంటేజ్ ప్లాను, అంటే మెడికేర్‌నే ప్రైవేటు బీమా కంపెనీ ద్వారా తీసుకున్న మా స్నేహితుల పరిస్థితి వేరు. ముందస్తు అనుమతి కోసం వాళ్లు వారాలు ఎదురుచూశారు, పైగా ఏడాదికి గరిష్ఠ పరిమితి దాకా తామే కట్టాలి. 2025లో ఆ పరిమితి 9,350 డాలర్ల వరకు ఉండవచ్చు. ఇళ్లకు వచ్చే బీమా కాగితాల్లో పెద్ద పెద్ద అంకెలుంటాయి, 'ఇది బిల్లు కాదు' అని పైన చిన్న అక్షరాలతో ఉంటుంది. అది చదివాకే గుండె దడ పడనివ్వండి.

రెండో విడత ఫిబ్రవరిలో, ఆ సాయంత్రం కాస్త చలి, వణుకు. పొద్దుటికి తగ్గిపోయింది. రెండో, మూడో, నాలుగో, ఏడో విడతలకు ముందు తప్పనిసరిగా ఎమ్మారై ఉంటుంది. మార్చిలో మూడో విడతకు ముందు తీసిన ఎమ్మారై తర్వాత, అదే రోజు సాయంత్రం నాలుగింటికి డాక్టరు స్వయంగా ఫోను చేశారు. ఇక్కడ డాక్టరే స్వయంగా ఫోను చేశారంటే మంచి కబురు కాదని అప్పటికి నాకు తెలుసు.

"ఆయనకు తలనొప్పి ఉందా? నడకలో తూలుడు?"

ఏమీ లేవు. ఆయన వెనకవైపు పెరట్లో కూరగాయల మళ్లకు కంచె కడుతున్నారు. మెదడులో రెండు చోట్ల వాపు, మధ్యస్థంగా ఉంది, మందు ఆపుతున్నాం, నెలనెలా ఎమ్మారై తీద్దాం అన్నారు. వాపున్న మనిషి సుత్తి పట్టుకుని మేకులు కొడుతున్నారు, నేను కిటికీలోంచి చూస్తూ ఆయనను లోపలికి పిలవాలా వద్దా అని నిలబడిపోయాను.

ఆ మూడు నెలలు నాకు నరకం. ఆయనకు కాదు, నాకు. రాత్రి లేచి ఊపిరి చూసేదాన్ని. ఆయన "కాస్త తల బరువుగా ఉంది" అంటే చాలు, నా చేతులు చల్లబడేవి. ఏప్రిల్‌లో ఒక రాత్రి బాత్రూము దగ్గర తూలి గోడ పట్టుకున్నారు. అంబులెన్స్ పిలిచాను. ఎమర్జెన్సీలో పక్షవాతం బృందం పరుగెత్తుకొచ్చింది. నేను అన్నిటికంటే ముందు ఆ కార్డు తీసి చేతిలో పెట్టాను. ఆ కుర్ర డాక్టరు ఆగి, చదివి, మా న్యూరాలజిస్టుకు ఫోను చేశాకే ముందుకు వెళ్లారు. ఎమ్మారైలో కొత్త వాపు లేదు. బీపీ మాత్ర మోతాదు ఎక్కువై తూలారని తేలింది. తెల్లవారుజామున ఇంటికొచ్చాం. ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకోగలిగితే ఆ కార్డును గుర్తుంచుకోండి.

మేలో గుంటూరులో మా బావగారి అమ్మాయి పెళ్లి. ఆయన చేతుల మీదుగా పెరిగిన పిల్ల. వాపు తగ్గేదాకా అంత దూరం ప్రయాణం వద్దని డాక్టరు చెప్పారు. రాత్రంతా మేలుకుని ఫోనులో పెళ్లి చూశాం. జీలకర్ర-బెల్లం వేళకు ఆయన లేచి నిలబడి ఫోను తెర మీదే అక్షింతలు వేశారు. మర్నాడు పొద్దున "పెళ్లికి ఎప్పుడు బయలుదేరుతున్నాం?" అని అడిగారు. నేను అక్షింతలు ఏరి చూపించాను. చూసి, "అవునవును" అన్నారు గానీ, నమ్మినట్లు లేదు.

జూన్ మొదట్లో వాపు పూర్తిగా పోయిందని తేలింది. మళ్లీ మొదలుపెట్టాలా, ఇక్కడితో ఆపాలా అన్నది మళ్లీ మా ముందుకు వచ్చింది. ఆయన మొదలుపెడదామన్నారు. జూన్‌లో మూడో విడత, జులైలో నాలుగోది. ఆ జులైలోనే ఎఫ్‌డీఏ ఈ మందుకు కొత్త మోతాదు క్రమం ఆమోదించింది. మొదటిసారి రెండు సీసాలకు బదులు ఒకటే ఇచ్చి, తర్వాత ఒక్కొక్కటి పెంచుకుంటూ వెళ్తారు. ఆ పద్ధతిలో 24 వారాలకు వాపు వచ్చినవాళ్లు 24 శాతం నుంచి 14 శాతానికి తగ్గారు. అంటే మేం ఆరు నెలలు ఆగి ఉంటే ఆ మార్చి ఫోను వచ్చేది కాదేమో. ఈ కబురు చదివిన రోజు నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. పరిశోధన మన కళ్లముందే జరుగుతున్నప్పుడు ముందు వెళ్లినవాళ్ల ఒంటి మీదే వెనకవాళ్లు నేర్చుకుంటారు. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లకు నెమ్మదిగా పెంచే ఆ క్రమమే ఇస్తున్నారు. ఆ సంగతి మీ డాక్టరును అడగండి.

తర్వాతి నెలలు మామూలుగా గడిచాయి, చెప్పుకోవడానికేమీ లేదు. అలా గడవడమే పెద్ద వరం. డిసెంబరులో ఎక్కించినదే చివరి విడత అయింది. 2026 జనవరి చివరిలో మళ్లీ పెట్ స్కాన్. అమైలాయిడ్‌ను సెంటిలాయిడ్ అనే కొలతలో చెబుతారు. ప్రయోగాల్లో 24.1 కంటే తగ్గితే పోయినట్లు లెక్క. ఆయనకు మొదట్లో 94 ఉండేది, ఇప్పుడు 9. డాక్టరు రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించారు. మొదటిదాంట్లో అంతటా ఎర్రగా, రెండోదాంట్లో ఎక్కడో కొంచెం. మా అబ్బాయి ఫోనులో చూసి కేరింతలు కొట్టాడు.

ఆ తర్వాత డాక్టరు మళ్లీ 30 మార్కుల పరీక్ష పెట్టారు. 21 వచ్చాయి. ఏడాదిన్నర క్రితం 23. స్కాన్ అంత బాగుండి మార్కులు ఎందుకు తగ్గాయని అడిగాను. అమైలాయిడ్ చేరడంతో జబ్బు మొదలవుతుంది గానీ, ఆ తర్వాత కణాల్లో టౌ అనే మరో ప్రోటీన్ చిక్కులు పడుతుంది, కణాలు చనిపోతాయి, అదంతా ఈ మందు వెనక్కి తీసుకురాలేదు అన్నారు. మందు లేకపోతే 21 బదులు 19 వచ్చేదా, 20 వచ్చేదా, ఇదే 21 వచ్చేదా? ఎవరూ చెప్పలేరు. మొదటిరోజు ఆవిడ చెప్పిన మాటే ఇది. అప్పుడు చెవులతో విన్నాను, ఇప్పుడు అనుభవంలోకి వచ్చింది. ఇంత ఖర్చు, ఇన్ని సూదులు, మూడు నెలల భయం, చూసుకోలేకపోయిన ఒక పెళ్లి, ఇవన్నీ కంటికి కనిపించని ఒక తేడా కోసం. అయినా మళ్లీ అదే సందర్భం వస్తే మళ్లీ ఒప్పుకుంటాను. ఆయన ఇంకా తన మందులు తానే డబ్బాలో సర్దుకుంటున్నారు. మనవరాలికి ఫోనులో లెక్కలు చెబుతున్నారు. కొన్ని నెలలైనా ఇలా నిలబడితే, నిలబెట్టింది మందో మరొకటో నాకు అనవసరం.

మందు ఆపాక ఒక వింత గుబులు పట్టుకుంది. ఇన్నాళ్లూ నెలకొకసారి ఎవరో ఒకరు ఆయన్ను చూసేవారు, రక్తపోటు కొలిచేవారు, తారీఖు అడిగేవారు. ఇప్పుడు తర్వాతి పరీక్ష ఆగస్టులోనే. దీన్ని డాక్టరుతో చెప్పుకుంటే అల్జీమర్స్ ఉన్నవాళ్ల కుటుంబాలు కలిసే ఒక బృందం వివరాలిచ్చారు. నెలకు రెండుసార్లు వెళ్తున్నాను. అక్కడ తెలుగువాళ్లెవరూ లేరు, అయినా ఫరవాలేదు.

ప్రయాణానికి డాక్టరు అనుమతించారు. జులైలో రెండు నెలలకని తెనాలికి టికెట్లు తీసుకున్నాం. ఆగస్టు పరీక్షను సెప్టెంబరుకు జరిపించాను. ఎమ్మారైలన్నీ సీడీలో వేయించి, మందు మొదలైన తేదీ, ఆపిన తేదీ, వాపు వచ్చిన తేదీ ఒక పేజీలో డాక్టరుతో రాయించి సంతకం పెట్టించుకున్నాను. కార్డు ఇంకొన్నాళ్లు జేబులోనే ఉంచమన్నారు. గుంటూరులో ఒక న్యూరాలజిస్టుతో మా మరిది ముందుగానే మాట్లాడి ఉంచాడు, ఆ కాగితాలు ఆయనకూ పంపించేశాను.